రక్తవర్గములను మార్చు ఎంజైములు

రక్తసంబంధమను మాట మన భాషలో ఎంత బరువైనదో అందరికిని తెలిసినదే. ఒక తల్లి కడుపున పుట్టినవారు, ఒక ఇంట పెరిగినవారు రక్తసంబంధులు. కాని వైద్యశాలలో రోగి మంచము చెంత ఈ మాటకు అర్థము మారిపోవును. తమ్మునికి రక్తము కావలసివచ్చినపుడు అన్న చేయి చాచినను ఆ రక్తము సరిపడకపోవచ్చును. పేరైనను తెలియని పొరుగూరివాని రక్తము చక్కగా సరిపడవచ్చును. ఈ భేదమును నిర్ణయించునది కులము కాదు, గోత్రము కాదు. ఎర్ర రక్తకణముల ఉపరితలమును అంటియున్న గొలుసుల కొనపై ఒకే ఒక చక్కెర అణువు. ఆ అణువును కత్తిరించి తీసివేయగలిగినచో ఏమగును? శాస్త్రజ్ఞులు నలుబది ఏండ్లకు పైగా ఈ ప్రశ్నకు సమాధానము వెదకుచున్నారు. వారి అన్వేషణమే నేటి మన ప్రసంగ విషయము.

ఈ ప్రశ్నతో మనకేమి పని అని కొందరు అడుగవచ్చును. నెల్లూరు జిల్లాలో సముద్రమునకు చేరువనున్న అల్లూరును ఉదాహరణగా తీసికొందము. చుట్టును వరిపొలములు; తూర్పున ఇసకపల్లి మొదలైన తీరగ్రామములు; వేటకు పోవు పడవలు, రొయ్యల గుంటలు. ఇట్టి చోట్ల రక్తము అకస్మాత్తుగా కావలసివచ్చు సందర్భములు కలవు. ప్రసవమైన తరువాత ఆగని రక్తస్రావము ఒకటి; రహదారి ప్రమాదము మరియొకటి. అన్ని వర్గముల రక్తమును తగినంతగా నిలువ ఉంచగల కేంద్రములు నెల్లూరు వంటి పట్టణములందే ఉండుట సహజము. నెల్లూరులో రెడ్ క్రాస్ వారి రక్తకేంద్రము కలదు. అల్లూరు నుండి అచటికి మామూలు దినములలో ప్రయాణము గొప్ప కష్టము కాదు. కాని అక్టోబరు మొదలు డిసెంబరు వరకు మన తీరమునకు తుపానుల కాలము. వాన కురిసి దారులపై నీరు నిలిచిన రాత్రి ఆ కొద్ది దూరమే కొండంత అగును. రక్తమోడుచున్న బాలింతకు ప్రతి నిమిషమును విలువైనదే.

చిన్న వైద్యశాలలో అన్ని వర్గముల రక్తమును నిలువచేయుట సులభము కాదు. ఎర్రకణములను శీతలపేటికలో ఉంచినను, కలిపిన ద్రావకమును బట్టి 35 లేక 42 దినములకు మించి వాడరాదు. గడువు దాటినది పారవేయవలసినదే. ఒక వర్గపు రక్తము వాడుక లేక వ్యర్థమగుచుండగా, మరియొక వర్గము వానికి సమయమునకు దొరకకపోవుట ఇందువలననే జరుగును.

ఈ వర్గములను మొదట కనిపెట్టినవాడు కార్ల్ లాండ్‌స్టైనర్. ఆయన వియన్నా నగరమున 1901లో తన తోటివారి రక్తములను ఒకదానితో ఒకటి కలిపి చూచి, కొన్ని జతలు కలియుననియు, కొన్ని జతలు గడ్డలు కట్టుననియు గమనించెను. ఆ భేదములే నేడు ఏ, బి, ఓ వర్గములుగా ప్రసిద్ధములైనవి. నాలుగవదియైన ఏబీ వర్గమును ఆయన సహచరులు 1902లో గుర్తించిరి. ఈ పరిశోధనకు లాండ్‌స్టైనర్‌కు 1930లో నోబెల్ బహుమతి లభించినది. అయితే ఈ వర్గములకు మూలమైన పదార్థమేదో అప్పటికి తెలియదు. లండనులోని లిస్టర్ సంస్థలో వాల్టర్ మోర్గన్, వినిఫ్రెడ్ వాట్కిన్స్ అను ఇరువురు 1950 ప్రాంతములలో చేసిన కృషి వలన ఆ గుట్టు బయటపడినది. వర్గమును నిర్ణయించునవి చక్కెరలు.

చక్కెర అనగానే మనము కాఫీలో వేసికొను పంచదార తలపునకు వచ్చును. రసాయనశాస్త్రములో చక్కెరలు అనేక రకములు. మన దేహములోని ప్రతి కణము పైనను ఇట్టి చక్కెరలు గొలుసులుగా అల్లుకొని నిలిచియుండును. వరిచేనులో కంకులు లేచి నిలిచినట్లు ఊహించుకొనుడు. ఓ వర్గము వారి ఎర్రకణములపై ఈ గొలుసు ఫ్యూకోజ్ అను చక్కెరను తాల్చి ముగియును. దానిని హెచ్ గొలుసు అందురు. ఏ వర్గము వారిలో ఆ గొలుసు కొనకు ఎసిటైల్ గాలక్టోసమైన్ అను చక్కెర ఒకటి అదనముగా చేరును. బి వర్గము వారిలో దానికి బదులు గాలక్టోజ్ అను చక్కెర చేరును. ఏబీ వారిలో రెండు విధముల గొలుసులును ఉండును. అనగా ఓ రక్తము పునాది. ఏ, బి రక్తములు ఆ పునాదిపై చెరియొక ఇటుక పేర్చినట్టివి. ఒక్కొక్క ఎర్రకణముపై ఇట్టి గొలుసులు లక్షల సంఖ్యలో ఉండును.

మన రక్తరసములో ప్రతిరక్షకములను కాపలావారు కలరు. మనలో లేని చక్కెర కొనను చూచినచో వారు దానిని శత్రువుగా ఎంచి పైబడుదురు. ఏ వర్గము వానికి బి రక్తము ఎక్కించినచో ఆ కణములు పగిలిపోవును, మూత్రపిండములు చెడును, ప్రాణమే పోవచ్చును. ఈ కాపలావారు పసిబిడ్డలో పుట్టిన కొన్ని నెలలకే తయారగుదురు. ఇతరుల రక్తము ఎన్నడును సోకని బిడ్డకు ఈ వైరమెట్లు కలిగినది? మన ప్రేగులలో నివసించు సూక్ష్మజీవుల ఒంటిపై కూడ ఇట్టి చక్కెరలే ఉండుట వలన, వానిని చూచి దేహము ఈ పాఠము నేర్చుకొనునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. ప్రేగులలోని ఈ జీవులను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. కథలో అవి మరల ప్రవేశించును.

ఓ వర్గపు ఎర్రకణములపై అదనపు చక్కెర లేదు గనుక వానిపై ఏ కాపలావాడును పైబడడు. కావుననే రోగి వర్గమును పరీక్షించుటకు వ్యవధి లేని ఆపదలో వైద్యులు ఓ రక్తమును వాడుదురు. ఇందులో ఒక ధర్మసంకటము కలదు. ఓ వారు అందరికిని ఈయగలరు గాని, ఓ వారికి ఓ వారే ఈయవలెను. అందరి అవసరమునకు ఓ రక్తమును వాడుకొన్నచో ఓ వర్గపు రోగికి ఇక మిగులునదేమి? ఏ, బి రక్తములను ఓ గా మార్చగలిగినపుడే ఈ చిక్కు విడును.

ఈ పనికి కావలసిన కత్తెర ఎంజైము. ఎంజైమనగా జీవకణములు తయారుచేయు ఒక మాంసకృత్తు. అది ఒక రసాయనక్రియను త్వరపరచును గాని తాను ఖర్చు కాదు. అన్నపు ముద్దను నోట నుంచుకొని చాలసేపు నమలినచో కొంచెము తీపి తెలియును. లాలాజలములోని ఎంజైము బియ్యపు పిండిపదార్థమును చక్కెరలుగా విడగొట్టుటయే దానికి కారణము. ఒక్కొక్క ఎంజైము తన పనిని మాత్రమే చేయును. ఒక తాళమునకు ఒకటే చెవి అన్నట్లు, ఒక రకపు అతుకునే అది విడదీయును, ప్రక్కదానిని ముట్టదు.

కణముల పైనుండి చక్కెరను కత్తిరించుట మానవుడు క్రొత్తగా కల్పించిన విద్య కాదు. ఇన్‌ఫ్లూయెంజా జ్వరపు వైరసు మన కణములో పెరిగి బయటికి వచ్చునపుడు, కణము పైనున్న సియాలిక్ ఆమ్లమను చక్కెరను న్యూరామినిడేస్ అను తన ఎంజైముతో కోసికొని తప్పించుకొనిపోవును. ఆ కత్తెరను మొద్దుచేయు మందులే నేడు ఆ జ్వరమునకు వాడుకలో ఉన్నవి. కలరా క్రిమికిని ఇట్టి ఎంజైము కలదు. అది ప్రేగు కణములపై సియాలిక్ ఆమ్లమును కోసి, తన విషము అంటుకొనుటకు అనువైన గొలుసులను ఎక్కువచేయును. రోగమును తెచ్చు జీవులు వాడు కత్తెరనే రోగిని కాపాడుటకు వాడుట ఎట్లు అనునది శాస్త్రజ్ఞుల ఆలోచన.

మొదటి జయము కాఫీ గింజల నుండి వచ్చినదనిన శ్రోతలు నవ్వుకొనవచ్చును గాని అది నిజము. వేయించని పచ్చి కాఫీ గింజలలో ఆల్ఫా గాలక్టోసిడేస్ అను ఎంజైము కలదు. బి వర్గపు గొలుసు కొననున్న గాలక్టోజ్‌ను అది కోయగలదు. న్యూయార్కు రక్తకేంద్రములో జాక్ గోల్డ్‌స్టెయిన్, ఆయన సహచరులు ఈ ఎంజైముతో బి వర్గపు ఎర్రకణములను ఓ గా మార్చి, ఏ, బి, ఓ వర్గముల వారి దేహములలోనికి పంపి చూచిరి. ఆ కణములు మామూలు కణముల వలెనే జీవించినవి. ఈ ఫలితమును వారు 1982లో ప్రకటించిరి. తరువాత 1990 దశకములో పూర్తి సంచుల రక్తముతో పరీక్షలు జరిగినవి. వైద్యశాలలలోని ఏ, ఓ వర్గముల రోగులకు మార్చిన బి రక్తమును ఎక్కించిన ఫలితములు 2000 సంవత్సరములో వెలువడినవి. ఆ రక్తము తన పనిని చేసినది.

అట్లయిన అది నాడే వాడుకలోనికి ఏల రాలేదు? కారణములు కొన్ని కలవు. కాఫీ ఎంజైము కొంత పులుపుగల ద్రావకములోనే బాగుగా పనిచేయును. రక్తకణములకు అది హితవు కాదు. ఒక సంచి రక్తమునకు గ్రాముల లెక్కన ఎంజైము కావలసివచ్చెను. ఖర్చు మిక్కిలి అధికము. మార్చిన రక్తము పొందిన కొందరి దేహములలో బి చక్కెరపై ప్రతిరక్షకములు పెరిగినవి కూడ. ఇదిగాక, ఏ వర్గపు గొలుసును కోయగల మంచి కత్తెర అప్పటికి దొరకలేదు. ఏ గొలుసులు పెక్కు ఆకృతులలో ఉండుట వలన అది మరింత కష్టమైన పని.

అంతట శాస్త్రజ్ఞులు మొక్కలను విడిచి సూక్ష్మజీవుల వైపు తిరిగిరి. కోపెన్‌హాగెన్‌లోని హెన్రిక్ క్లాసెన్ బృందము సుమారు 2,500 రకముల బాక్టీరియాలను, శిలీంధ్రములను పరిశీలించి, ఏ చక్కెరను కోయునది యొకటి, బి చక్కెరను కోయునది యొకటి, రెండు ఎంజైముల కుటుంబములను 2007లో ప్రకటించినది. ఇవి పులుపు లేని ద్రావకములోనే, కాఫీ ఎంజైము కన్న చాల తక్కువ మోతాదులో పనిచేసినవి. అటుపై కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయములో స్టీఫెన్ విథర్స్, జయచంద్రన్ కిళక్కెడత్ మొదలగువారు ఒక చక్కని యుక్తి పన్నిరి. మన ప్రేగుల లోపలి జిగురుపొరపై కూడ రక్తవర్గపు చక్కెరలే ఉండును. ఆ జిగురును తిని బ్రతుకు సూక్ష్మజీవుల వద్ద ఆ చక్కెరను కోయు సాధనము ఉండి తీరవలెను గదా! ఈ తర్కముతో వారు మనుష్యుల ప్రేగులలోని సూక్ష్మజీవుల జన్యువులను జల్లెడ పట్టిరి. ఫ్లావోనిఫ్రాక్టర్ ప్లౌటి అను బాక్టీరియము నుండి జంటగా పనిచేయు రెండు ఎంజైములు దొరికినవి. మొదటిది ఏ చక్కెర యొక్క తొడుగును విప్పును. రెండవది ఆ విప్పిన చక్కెరను కోసివేయును. ఈ సంగతి 2019లో వెలువడినది. మనకు రక్తవైరమును నేర్పిన ప్రేగులలోని జీవకోటియే దానిని తుడిచివేయు సాధనమును కూడ ఇచ్చినది.

2024లో డెన్మార్కు సాంకేతిక విశ్వవిద్యాలయములోని మాహెర్ అబూ హాషెం, స్వీడనులోని లుండ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్టిన్ ఓల్సన్, వీరి బృందములు మరియొక అడుగు ముందునకు వేసినవి. ప్రేగుల జిగురులో నివసించు అకెర్మాన్సియా మ్యూసినిఫిలా అను జీవి యొక్క 24 ఎంజైములను వారు పరీక్షించిరి. పూర్వము ప్రయోగశాలలో చక్కగా మారినట్లు కనిపించిన కణములు కూడ కొందరి రక్తరసముతో కలిపినపుడు పొసగకుండెడివి. మామూలు గొలుసులకు పైన మరికొంత పొడవుగా సాగిన గొలుసులు కొన్ని కణములపై మిగిలియుండుట అందులకు ఒక కారణమని వారు కనుగొనిరి. ఆ పొడవాటి గొలుసులను కూడ కోసినపుడు పొసగుట మెరుగుపడినది. బి రక్తము విషయములో ఫలితము చాల ఆశాజనకము. ఏ రక్తమునకు ఇంకను పని మిగిలియున్నది.

ఈ చివరి మాట మన ప్రాంతమునకు ముఖ్యమైనది. ఐరోపాలో ఏ వర్గము వారు ఎక్కువ, బి వారు తక్కువ. మన తెలుగునాట అట్లు కాదు. ఇచట ఓ వర్గము తరువాత బి వర్గమే అధికము. ఏ వర్గము దాని వెనుకది. కావున కత్తెరకు సులభముగా లొంగు రక్తమే మన దాతలలో ఎక్కువగా ఉన్నది. పాశ్చాత్య దేశములకు ఏ ఎంజైము ప్రధానమైనచో, మనకు బి ఎంజైమొక్కటి పూర్తిగా సిద్ధించినను గొప్ప మేలు కలుగును.

అయినను ఈ విద్య యొక్క హద్దులను తెలిసికొనుట అవసరము. రక్తము పాజిటివ్ లేక నెగెటివ్ అని చెప్పుకొను ఆర్‌హెచ్ భేదము చక్కెర వలన ఏర్పడినది కాదు. అది కణపు పొరలోని మాంసకృత్తునకు సంబంధించినది. ఈ ఎంజైములు దానిని మార్చలేవు. కావున బి పాజిటివ్ రక్తము ఓ పాజిటివ్ అగునే గాని ఓ నెగెటివ్ కాజాలదు.

రెండవ హద్దు మన దేశములోనే కనిపెట్టబడినది. 1952లో బొంబాయిలోని వై. ఎం. భెండే, ఆయన సహచరులు ఒక వింత రక్తవర్గమును లోకమునకు తెలిపిరి. అది బొంబాయి వర్గమని పేరుగాంచినది. ఈ వర్గము వారిలో ఏ, బి చక్కెరలే కాదు, పునాదియైన హెచ్ గొలుసు కూడ పూర్తికాదు, ఫ్యూకోజ్ చేరదు. మామూలు పరీక్షలో వారు ఓ వర్గము వలెనే కనిపింతురు. కాని వారి కాపలావారు హెచ్ గొలుసును కూడ శత్రువుగా ఎంచుదురు. అందరికిని సరిపడు ఓ రక్తము వారికి మాత్రము విషతుల్యము. ఏ, బి రక్తములను కత్తిరించి ఓ గా చేసినను వారికి ప్రయోజనము లేదు. తమ వర్గపు దాతయే వారికి శరణ్యము. మన దేశములో సుమారు పది వేలమందిలో ఒకరు ఇట్టివారుందురని అంచనా.

ఈ లక్షణము తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి, లోపించిన జన్యువులు రెండును కలిసినపుడే బిడ్డకు వచ్చును. దగ్గర బంధువులైన భార్యాభర్తలలో అట్టి జన్యువు ఇరువురి వద్దను ఉండుటకు అవకాశము ఎక్కువ. మేనరికములు, అక్క కూతురిని చేసికొనుట మన తెలుగు కుటుంబములలో తరతరముల ఆచారము గనుక, ఈ సంగతి మన ఇండ్లకు సంబంధించినది. భయపడవలసిన పని లేదు. ఈ వర్గము వారు ఆరోగ్యవంతులుగానే జీవింతురు. ఒకరిలో ఈ వర్గము బయటపడినచో వారి తోబుట్టువులందరును పరీక్ష చేయించుకొనుట మంచిది. ఇచట మాత్రము రక్తసంబంధమను మాటకు దాని పాత అర్థమే నిలుచును. ఆపదలో అక్కరకు వచ్చు రక్తము తోడబుట్టినవారి వద్దనే దొరకుటకు అవకాశము ఎక్కువ.

ఈ విద్య రక్తముతోనే ఆగిపోలేదు. అవయవములను మార్పిడి చేయునపుడు కూడ రక్తవర్గము అడ్డు వచ్చును. ఏలయన అవయవములోని రక్తనాళముల గోడలపై కూడ అవే చక్కెరలుండును. కెనడాలోని టొరంటోలో ఏ వర్గపు ఊపిరితిత్తులను దేహము వెలుపల ఉంచి, వాని గుండ ఎంజైమును ప్రవహింపజేసి, ఏ చక్కెరలను తీసివేసిన ప్రయోగము 2022లో ప్రకటింపబడినది. అట్లే మార్చిన ఒక మూత్రపిండమును, మెదడు మరణించిన ఒక వ్యక్తి దేహములో, కుటుంబము వారి సమ్మతితో, చైనాలో అమర్చి చూచిన వృత్తాంతము 2025లో వెలువడినది. రెండు దినములపాటు తీవ్రమైన తిరస్కారము లేక అది పనిచేసినది. తరువాత ఏ చక్కెరలు మరల కొంత తలయెత్తినవి. అవయవములోని కణములు సజీవములు గనుక క్రొత్త చక్కెరలను మరల నిర్మించుకొనును. ఎర్రకణములకు ఆ శక్తి లేదు. ఒకసారి కోసినది కోసినట్లే ఉండును. కావున ఈ విద్య మొదట ఫలించుటకు రక్తమే అనువైన క్షేత్రము.

ఎంజైముతో మార్చిన రక్తము నేటికిని వైద్యశాలలలో నిత్యవ్యవహారములోనికి రాలేదు. మార్చిన కణములు పూర్తిగా క్షేమకరములా, ఎంజైము లేశము మిగిలియుండి కీడు చేయునా, ఖర్చు అందుబాటులో ఉండునా అను ప్రశ్నలకు మనుష్యులపై జరుగు జాగ్రత్తగల పరీక్షలే జవాబు చెప్పవలెను. అవి నెగ్గిన దినమున, అల్లూరు వంటి ఊరి వైద్యశాలలో ఒకే రకపు రక్తమును కొన్ని సంచులు ఉంచుకొన్నను, తుపాను రాత్రి వచ్చిన బాలింతకు దాదాపు ఎల్లప్పుడును సరిపోవును. గడువు దాటి పారవేయబడు రక్తమును తగ్గును.

కాని ఎంత పదునైన కత్తెరయైనను లేని రక్తమును పుట్టింపజాలదు. ఎంజైము చక్కెరను తీయును. రక్తమును ఈయవలసినది మనుష్యుడే. 18 ఏండ్లు నిండి 65 దాటని ఆరోగ్యవంతులు, కనీసము 45 కిలోల బరువు, తగినంత హీమోగ్లోబిన్ ఉన్నవారు, పురుషులైనచో మూడు నెలలకొకసారి, స్త్రీలైనచో నాలుగు నెలలకొకసారి మన దేశ నియమముల ప్రకారము రక్తము నీయవచ్చును. ఇంటిలోని ప్రతివారి వర్గమును పరీక్ష చేయించి, ఒక కాగితముపై వ్రాసి, అందరికిని కనబడు చోట ఉంచుడు. ఇంటిలో గర్భిణి ఉన్నచో ఆమె వర్గమును, అదే వర్గము గల దాతలు ఇద్దరి పేర్లను నెలలు నిండకముందే వ్రాసి ఉంచుకొనుడు. ప్రయోగశాలలోని కత్తెర మన ఊరు చేరునంతవరకు మన ప్రాణములకు ఆ కాగితమే కాపు.